చెన్నైలో ‘గ్రౌండ్’ అన్న మాట వినపడితే అది ఏ గ్రౌండో ఎలా తెలుసుకోవాలి

మొన్న గూడూరు నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. “అమ్మాయ్, తాంబరం దాటాక అర గ్రౌండ్ ఉందంటున్నాడు బ్రోకరు. గ్రౌండ్ ఫ్లోర్లో సగం పోర్షనే కదా, మాకు ఇద్దరికీ చాలు, రేపు వచ్చి అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటున్నా” అన్నాడు. నాకు గుండె జారిపోయింది. బ్రోకరు చెప్పింది ఖాళీ స్థలం గురించి. అక్కడ గోడ లేదు, గది లేదు, తుమ్మ చెట్లు తప్ప ఏమీ లేవు. అర గ్రౌండ్ అంటే చెన్నైలో 1200 చదరపు అడుగుల నేల, అంతే. బాబాయి ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి, ఇంగ్లీషు పేపర్ చదువుతాడు, అయినా ఈ ఒక్క మాట దగ్గర దెబ్బ తినబోయాడు. తప్పు ఆయనది కాదు. గ్రౌండ్ అన్న మాట మనందరికీ తెలుసు, చిన్నప్పటి నుంచీ క్రికెట్ ఆడిన గ్రౌండే కదా అనుకుంటాం. తెలిసిన మాటేనన్న ఆ ధీమాతోనే ఇంకోసారి అడగం.

నేను చెన్నై వచ్చి పదకొండేళ్ళయింది. సాయంత్రాలు అరుంబాక్కంలో మనవాళ్ళకి స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. అంబత్తూరు కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళు, పెళ్ళయి ఇక్కడికి వచ్చిన అమ్మాయిలు, పిల్లల దగ్గరికి వచ్చి ఉండిపోయిన పెద్దవాళ్ళు వస్తుంటారు. వాళ్ళు అడిగిన ప్రశ్నల్లోంచి వచ్చిందే ఈ వ్యాసం. ఇల్లు వెతుక్కునేవాళ్ళు, స్థలం చూసేవాళ్ళు, కరెంటు సామాను కొనేవాళ్ళు ముందు ఆ భాగాలైనా చదవండి, ఎందుకంటే అక్కడ మాట తప్పితే డబ్బులో ప్రాణమో పోతుంది. మిగతావి తీరిగ్గా చదువుకోవచ్చు.

మొదటి పని: గ్రౌండ్ అనగానే మనసులో ‘నేల’ అని మార్చేసుకోవద్దు. ఒక్క క్షణం ఆగి మూడు సంగతులు చూడండి. మాట్లాడేది ఎవరు, ఆ మాటకి ముందూ వెనకా ఏ మాట ఉంది, చివర్లో ‘స్’ గానీ ‘డెడ్’ గానీ చేరిందా. బ్రోకరు నోట్లో గ్రౌండ్ వేరు, ఎలక్ట్రీషియన్ నోట్లో వేరు, లాయరు నోట్లో గ్రౌండ్స్ వేరు, ఎయిర్‌పోర్టులో గ్రౌండెడ్ వేరు. ఈ మూడూ చూస్తే పదింట తొమ్మిదిసార్లు అర్థం దానంతటదే తెలిసిపోతుంది.

ఇంకొకటి కూడా గుర్తుంచుకుంటే ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. పాత ఇంగ్లీషులో గ్రుండ్ అనే మాట ఉండేది, దానికి అడుగు, పునాది అని అర్థం. కాళ్ళ కింద ఉన్నది కాబట్టి నేల అయింది, వాదనకి కింద ఆధారంగా ఉన్నది కాబట్టి కారణం అయింది, గిన్నె అడుగున దిగినది కాబట్టి మడ్డి అయింది. మనం కూడా ‘నీ మాటకి ఆధారం ఏంటి’ అంటాం కదా, అదే దారి. అడుగున ఉండి మోసేది ఏదో అది గ్రౌండ్. నేనైతే క్లాసులో మొదటిరోజు ఈ ఒక్క సంగతే చెప్పి వదిలేస్తాను, మిగతాది వాళ్ళే అల్లుకుంటారు.

స్థలం అమ్మేవాళ్ళ గ్రౌండ్

చెన్నైలో భూమిని గ్రౌండ్లలో కొలుస్తారు. ఒక గ్రౌండ్ అంటే 2400 చదరపు అడుగులు. మన ఆంధ్రాలో గజాలు, సెంట్లు, తెలంగాణలో గజాలు, గుంటలు, నెల్లూరు వైపు అంకణాలు కూడా. అంకణం కొలత ఊరిని బట్టి మారుతుంది కాబట్టి దానితో పోల్చుకోకండి, గజాల్లోకే మార్చుకోండి. గజం అంటే 9 చదరపు అడుగులు కాబట్టి ఒక గ్రౌండ్ అంటే సుమారు 267 గజాలు. సెంటు 435.6 చదరపు అడుగులు కాబట్టి ఒక గ్రౌండ్ ఐదున్నర సెంట్లు. ఎకరానికి పద్దెనిమిది గ్రౌండ్ల పైన కొంచెం వస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళకి ఒక సులువు: 200 గజాల ప్లాటు అంటే సరిగ్గా ముప్పావు గ్రౌండ్.

ఇక బ్రోకర్లు మాట్లాడే తీరు. తమిళంలో అర అంటే అరై, మనకి దగ్గరగానే ఉంటుంది. పావు అంటే కాల్. కొత్తవాళ్ళు ‘కాల్ గ్రౌండ్’ అని వింటే ఫోన్ కాల్ అనుకుంటారో, కాలు అనుకుంటారో తెలియదు గానీ, పావు గ్రౌండ్ అని మాత్రం అనుకోరు. కాల్ గ్రౌండ్ అంటే 600 చదరపు అడుగులు. అరై గ్రౌండ్ 1200, అంటే ముప్పై బై నలభై సైటు. ముక్కాల్ గ్రౌండ్ 1800. ఒరు గ్రౌండ్ అంటే నలభై బై అరవై, 2400. ఈ నాలుగూ ఫోన్లో నోట్స్‌లో రాసిపెట్టుకోండి, స్థలం చూడ్డానికి వెళ్ళినప్పుడు బాగా పనికొస్తాయి.

బాబాయి విషయంలో ఏం చేశానో చెబుతాను, మీరూ అలాగే చేయొచ్చు. నేనే బ్రోకరుకి ఫోన్ చేసి, గ్రౌండ్ అన్న మాట నా నోట రాకుండా, “ఎత్తన స్క్వేర్ ఫీట్? కాలి మనైయా, కట్టడమా?” అని అడిగాను. ఎన్ని చదరపు అడుగులు, ఖాళీ స్థలమా, కట్టిన ఇల్లా అని. “ఆయిరత్తి ఎరనూరు, కాలి మనై” అన్నాడు. వెయ్యి రెండువందలు, ఖాళీ స్థలం. రెండు ముక్కల్లో తేలిపోయింది. అతను మోసం చేయాలనుకోలేదు, అతనికి అది పుట్టినప్పటి నుంచీ తెలిసిన కొలత, ఎదుటివాడికి తెలియదని తట్టలేదు. బాబాయికి ఫోన్ చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత “నువ్వు లేకపోతే ఏమయ్యేదే” అన్నాడు.

కాగితాల దగ్గరికి వచ్చేసరికి గ్రౌండ్ అన్న మాటని అసలు నమ్మకండి. నోటిమాట ఏదైనా, అగ్రిమెంటులో చదరపు అడుగులు అంకెల్లో, అక్షరాల్లో ఉన్నాయా చూసుకోండి. నాలుగు వైపులా కొలతలు రాశారా చూడండి, ఎందుకంటే ‘సుమారు అర గ్రౌండ్’ అనే మాటలో వంద అడుగులు తేలిగ్గా మాయమవుతాయి. ఫ్లాటు కొంటుంటే ఇంకో చిక్కుంది. ఫ్లాటు సైజు వేరు, దాని కింద మీ పేరున వచ్చే భూమి వాటా వేరు. ఆ వాటాని ఇక్కడ యూడీఎస్ అంటారు, విడదీయని భూమి వాటా అన్నమాట. ఒక గ్రౌండ్ స్థలంలో సమానమైన ఆరు ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరికీ వచ్చేది 400 చదరపు అడుగుల భూమి. వెయ్యి అడుగుల ఫ్లాటు కొన్నామని సంతోషపడేవాళ్ళు చాలామంది ఈ 400 సంగతి అడగరు. రేపు ఆ బిల్డింగ్ పాతబడి పడగొట్టి కట్టాల్సివస్తే మీ హక్కు నిలబడేది ఆ భూమి వాటా మీదే. అడగండి, మొహమాటపడకండి.

గ్రౌండ్ ఫ్లోర్, ఒట్టి గ్రౌండ్

ఇది చిన్న సంగతి, కానీ విదేశాల్లో పిల్లలున్నవాళ్ళకి కావాలి. మన దగ్గర నేలకి ఆనుకుని ఉన్న అంతస్తు గ్రౌండ్ ఫ్లోర్, దానిపైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో నేలమీద ఉన్నదే ఫస్ట్ ఫ్లోర్. కొడుకు అక్కడ్నుంచి ‘మాది సెకండ్ ఫ్లోర్’ అన్నాడంటే మన లెక్కలో మొదటి అంతస్తు. ఇక్కడ ప్రకటనల్లో జీ ప్లస్ త్రీ అంటే గ్రౌండ్ మీద మూడు అంతస్తులు, మొత్తం నాలుగు. స్టిల్ట్ ప్లస్ త్రీ అంటే కింద స్తంభాల మధ్య పార్కింగ్, ఆపైన మూడు అంతస్తులు. 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్ళు ఈ తేడాని మర్చిపోరు. వేళచ్చేరి, ముడిచ్చూరు వైపు గ్రౌండ్ ఫ్లోర్లో ఉన్నవాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి, పైనున్నవాళ్ళు డాబా మీదికి వెళ్ళారు. అందుకే ఇల్లు చూసేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ అంటే రోడ్డుకంటే ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా అని కళ్ళతో చూసుకోండి. రోడ్డు మీద ప్రతిసారీ తారు వేసి వేసి ఇల్లే గుంటలోకి పోయిన వీధులు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకి ఇక్కడే ఒక మెలిక చెప్పాలి. తెలుగులో ఇంట్లోదీ నేలే, బయటదీ నేలే. ‘నేలమీద కూర్చో’ అంటే ఎక్కడైనా సరిపోతుంది. ఇంగ్లీషులో ఇంటిలోపలి నేల ఫ్లోర్, ఆరుబయట నేల గ్రౌండ్. హాల్లో చాప మీద కూర్చున్న పాపని చూపించి గ్రౌండ్ మీద కూర్చుంది అంటే వినేవాళ్ళు పాప బయట ఉందనుకుంటారు. పొలం, దేశం, ఆస్తి అనే అర్థంలో ల్యాండ్ అనాలి, కుండీలో వేసే మట్టికి సాయిల్. మా క్లాసులో అందరూ తప్పు చేసేది ఈ ఫ్లోర్, గ్రౌండ్ దగ్గరే. దీనికి ఒకటే కిటుకు: తలెత్తితే ఆకాశం కనిపిస్తే గ్రౌండ్, కప్పు కనిపిస్తే ఫ్లోర్.

కరెంటు గ్రౌండ్

ఇది జాగ్రత్తగా చదవండి. మన ఎలక్ట్రీషియన్లు ఎర్త్ అనేదాన్నే అమెరికా వాళ్ళు గ్రౌండ్ అంటారు. ఆన్‌లైన్లో కొన్న సామాను వెంట వచ్చే పుస్తకంలో ‘ఈ పరికరాన్ని గ్రౌండ్ చేయాలి’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే, దాన్ని నేలమీద పెట్టమని కాదు. ఒకావిడ మైక్రోవేవ్‌ని బల్ల మీదనుంచి దించి నేలమీద పెట్టి వాడుతున్నానని చెప్పినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. నేలమీద పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు, ఎర్త్ వైరు ఉండాలి.

ఎర్త్ చేసే పని ఇది. ఫ్రిజ్జు, గీజరు, వాషింగ్ మెషిన్, గ్రైండరు లాంటి వాటికి బయట ఇనప బాడీ ఉంటుంది. లోపల ఎక్కడో వైరు దెబ్బతిని కరెంటు బాడీకి తగిలితే, ఎర్త్ ఉంటే ఆ కరెంటు తేలికైన దారిలో భూమిలోకి పోతుంది, ఫ్యూజో బ్రేకరో పడిపోతుంది. ఎర్త్ లేకపోతే మీరు చెయ్యి వేసినప్పుడు మీ ఒంట్లోంచి పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావుపాటి, పొడవాటి పిన్ను ఎర్త్‌దే. పొడవు ఎక్కువ ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు చివర్న వదలాలి. వైర్లలో ఆకుపచ్చది, లేదా ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్త్.

విల్లివాక్కంలో ఒక అద్దె ఇంట్లో ఉన్నప్పుడు మా ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే చురుక్కుమనేది. తడి కాళ్ళతో వెళ్తే ఇంకా ఎక్కువ. ఓనరుకి చెబితే వోల్టేజీ హెచ్చుతగ్గులమ్మా, అన్ని ఇళ్ళలోనూ ఉంటుంది అన్నాడు. నాలుగు నెలలు అలాగే రబ్బరు చెప్పులు వేసుకుని ఫ్రిజ్జు తీశాను. చివరికి మా వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపి సాకెట్ విప్పాడు. మూడు కన్నాలున్నాయి. వెనక రెండింటికే వైర్లున్నాయి. పై కన్నం వెనక ఇత్తడి ముక్క మెరుస్తూ ఉంది, దానికి ఎప్పుడూ ఏ వైరూ తగిలినట్టు లేదు, స్క్రూ కూడా కొత్తగా ఉంది. “ఎర్త్ ఇల్లమ్మా” అన్నాడు అంతే, ఎర్త్ లేదమ్మా అని. కన్నం ఉంటే ఎర్త్ ఉన్నట్టు కాదని నాకు ఆరోజే తెలిసింది.

కాబట్టి కొత్త ఇంట్లోకి దిగే ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, వంటింటి సాకెట్లకి, బాత్రూమ్ గీజరు పాయింటుకి ఎర్త్ ఉందా అని చూపించుకోండి. మీటర్ బోర్డు దగ్గర ఆర్‌సీసీబీ ఉందా అని కూడా అడగండి, 30 మిల్లీ ఆంపియర్లది ఇళ్ళకి వాడతారు, కరెంటు లీకైతే క్షణంలో ఆపేస్తుంది. దానిమీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, అప్పుడప్పుడూ నొక్కి పడిపోతోందో లేదో చూడాలి. సొంత ఇల్లయితే ఎర్త్ గుంట ఎక్కడుందో తెలుసుకోండి. పాత పద్ధతి గుంటల్లో ఉప్పు, బొగ్గు వేసి ఉంటారు, ఎండాకాలంలో దాంట్లో నీళ్ళు పొయ్యాలి, మట్టి పూర్తిగా ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పని చేయదు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టుకునే ఆ చవక అడాప్టర్లు మాత్రం దయచేసి వాడొద్దు. అవి తీసేసేది సరిగ్గా ఆ ఎర్త్‌నే.

ఇదే మాట బండి మెకానిక్ దగ్గర ఇంకోలా ఉంటుంది. బ్యాటరీ నెగటివ్‌ని బండి ఇనప బాడీకి కలుపుతారు, దాన్ని మనవాళ్ళు బాడీ ఎర్త్ అంటారు, ఇంగ్లీషు వీడియోల్లో గ్రౌండ్ అంటారు. టైర్లు రబ్బరు, బండి భూమికి తగలనే లేదు, అయినా అది గ్రౌండే. ఇక్కడ గ్రౌండ్ అంటే సున్నా వోల్టుగా లెక్కపెట్టుకునే చోటు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలు బోర్డు మీద జీఎన్‌డీ అని చూసేదీ ఇదే. గ్రౌండ్ క్లియరెన్స్ అంటే మాత్రం అసలు నేలే: బండి అడుగుభాగానికీ రోడ్డుకీ మధ్య ఖాళీ ఎంత అని. చెన్నై స్పీడ్ బ్రేకర్లకీ, వానాకాలం నీళ్ళకీ అది చూసుకునే కొనాలి.

నీళ్ళ గ్రౌండ్

అద్దె ఇంటికి వెళ్ళగానే అడిగేది నీళ్ళ గురించే. గ్రౌండ్ వాటర్ అంటే భూగర్భ జలం, బోరు నీళ్ళు. అండర్‌గ్రౌండ్ సంప్ అంటే భూమిలో కట్టిన తొట్టి, అందులో ఉన్నవి బోరు నీళ్ళు కావచ్చు, మెట్రో వాటర్, అంటే నగర నీటి బోర్డు ఇచ్చే నీళ్ళు కావచ్చు, లారీ నీళ్ళు కావచ్చు. ‘అండర్‌గ్రౌండ్ వాటర్ ఉందండీ’ అని ఓనరు అంటే ఆయన తొట్టి గురించి చెబుతున్నాడో, బోరు గురించి చెబుతున్నాడో అడగండి. బోరు అయితే ఒక గ్లాసు తెప్పించుకుని నాలిక మీద వేసుకుని చూడండి. సముద్రం పక్క వీధుల్లో ఉప్పగా ఉంటుంది, ఎందుకంటే బోర్లతో మంచినీళ్ళు తోడేసినకొద్దీ సముద్రపు నీళ్ళు ఇసుకలోంచి లోపలికి వచ్చేస్తాయి.

మనవాళ్ళు చాలామంది ఇక్కడ కృష్ణ నీళ్ళు వస్తాయని గొప్పగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను. తెలుగుగంగ కాలువలో కండలేరు నుంచి పూండి చెరువుకి 1996లో నీళ్ళు మొదలయ్యాయి. కానీ అది గ్రౌండ్ వాటర్ కాదు, పైన పారే నీరు, సర్ఫేస్ వాటర్. పేపర్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే వస్తుంటాయి, కలిపేసుకోవద్దు. 2019 ఎండాకాలంలో ఆ చెరువులన్నీ ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలు ట్యాంకర్లలో నీళ్ళు తెచ్చారు. అప్పుడు మా వీధిలో మూడు బోర్లు పోయాయి. రెండు బిందెల కోసం రాత్రి పదకొండింటికి లైన్లో నిలబడ్డ రోజులు నాకు ఇంకా గుర్తే.

ఇక్కడ గ్రౌండ్ వాటర్‌కీ గ్రౌండ్ కొలతకీ ఒక లెక్క కలుస్తుంది, అది నాకు చాలా ఇష్టం. తమిళనాడులో 2003లో అన్ని ఇళ్ళకీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశారు. అర గ్రౌండ్ డాబా అంటే 1200 చదరపు అడుగులు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 1100 లీటర్ల నీళ్ళు. గట్టి వాన ఒక గంట కురిస్తే మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కడికీ పోవు. ఆ నీళ్ళు పైపులోంచి రోడ్డు మీదికి పోకుండా ఇంకుడు గుంటలోకి పోతే మీ బోరుకే లాభం. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి సెప్టెంబరులోనే డాబా ఊడ్పించి, గుంటలో పేరుకున్న ఆకులూ, బురదా తీయించండి. కట్టి వదిలేసిన గుంటలు చాలా ఇళ్ళలో ఉన్నాయి, వాటి మూత ఎత్తి చూస్తే నీళ్ళు దిగే దారే కనిపించదు.

కాఫీ దగ్గర రెండు గ్రౌండ్లు

ఇది నాకు తెలిసినప్పుడు చాలా సంబరపడ్డాను. కాఫీ పొడిని ఇంగ్లీషులో గ్రౌండ్ కాఫీ అంటారు. ఇక్కడ గ్రౌండ్ అంటే నేల కాదు, గ్రైండ్ అనే క్రియకి భూతకాలం, ‘పొడి కొట్టిన’ అని. మైలాపూర్‌లో కాఫీ పొడి కొట్టు ముందు నిలబడితే, గింజలు మరలో పడి పొడి అవుతుండగా ఆ వాసన వీధి మలుపు దాకా వస్తుంది. చికోరీ ఎంత కలపాలని అడుగుతారు, ఎనభై ఇరవై అని చెబితే వేడివేడి పొడి పొట్లం కట్టి చేతిలో పెడతారు. అది గ్రౌండ్ కాఫీ.

ఇంటికొచ్చి ఫిల్టర్లో పొడి వేసి మరిగే నీళ్ళు పోస్తాం. డికాషన్ దిగాక పైగిన్నెలో మిగిలే తడి పిప్పిని కాఫీ గ్రౌండ్స్ అంటారు. చూడ్డానికి రెండూ ఒకటే మాట. కానీ ఈ గ్రౌండ్స్ గ్రైండ్ నుంచి వచ్చింది కాదు. మొదట్లో చెప్పానే, అడుగు అని అర్థం ఉన్న పాత మాట, దాని నుంచి వచ్చింది: ద్రవం అడుగున దిగే మడ్డి. పొడి ఒక తల్లి బిడ్డ, పిప్పి ఇంకో తల్లి బిడ్డ, రెండూ ఒకే ఫిల్టర్లో కలిశాయి. అదే లెక్కలో గ్రౌండ్ పెప్పర్ అంటే మిరియాల పొడి, గ్రౌండ్ మీట్ అంటే ఖీమా. వంట వీడియోల్లో గ్రౌండ్ తర్వాత తినే వస్తువు పేరు వస్తే, అది నూరినదో పొడి కొట్టినదో అయి ఉంటుంది. గ్రౌండ్‌నట్ ఒక్కటే తేడా. అది వేరుశనగ, నేలలో కాసేది కాబట్టి ఆ పేరు.

గ్రౌండ్స్ అని బహువచనం వస్తే

అంబత్తూరులో పనిచేసే ఒక కుర్రాడు క్లాసుకి వచ్చి, “అక్కా, హెచ్‌ఆర్ వాళ్ళు మెడికల్ గ్రౌండ్స్ మీద లీవ్ పెట్టమన్నారు, అదెక్కడుంటుంది?” అని అడిగాడు. వాళ్ళమ్మకి ఆపరేషన్, ఆ హడావిడిలో ఉన్నాడు. గ్రౌండ్స్ అంటే ఇక్కడ కారణాలు, ఆధారాలు. మెడికల్ గ్రౌండ్స్ అంటే ఆరోగ్య కారణాలతో అని. మనం పేపర్లో చదివే కారుణ్య నియామకం ఉందే, అది ఇంగ్లీషులో కంపాషనేట్ గ్రౌండ్స్ మీద ఇచ్చే ఉద్యోగమే. కోర్టులో అప్పీలు వేస్తే లాయరు గ్రౌండ్స్ రాస్తాడు, అంటే కింది కోర్టు తీర్పు ఎందుకు తప్పో ఒక్కొక్క కారణమూ. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో విడాకులకి గ్రౌండ్స్ ఉన్నాయి. లాయరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం తప్పకుండా చదివించుకోండి, మీ కష్టమంతా ఆ కారణాల్లో చేరిందో లేదో మీకే తెలియాలి.

బహువచనానికి ఇంకో అర్థం ప్రాంగణం. కాలేజీ గ్రౌండ్స్, గుడి గ్రౌండ్స్. చెన్నైలో ఎగ్జిబిషన్ పెట్టే ఐలాండ్ గ్రౌండ్స్ ఈ అర్థంలోదే, కూవం నది మధ్య ఉన్న దీవి కాబట్టి తమిళంలో తీవు తిడల్ అంటారు. తేడా తేలిగ్గా తెలుస్తుంది: గ్రౌండ్స్ ముందు ‘ఆన్’ ఉండి, దేని గురించో చెబుతుంటే కారణం. ‘ఇన్’ ఉన్నా ‘ఆన్’ ఉన్నా, పక్కన చోటు పేరు ఉంటే ఆవరణ.

క్రికెట్, విమానాలు, ఓడలు

చెపాక్ గ్రౌండ్ అంటే స్టేడియం, అందరికీ తెలుసు. కామెంటరీలో బ్యాటర్ ‘అవుట్ ఆఫ్ హిస్ గ్రౌండ్’ అన్నప్పుడు మైదానం బయటికి వెళ్ళాడని కాదు. వికెట్లకి నాలుగు అడుగుల ముందున్న గీత వెనక భాగం అతని గ్రౌండ్. బ్యాటో కాలో ఆ గీత దాటి లోపల నేలకి తగలాలి, గీత మీదే ఉంటే లోపల ఉన్నట్టు కాదు. 2017 నుంచి, పరుగెత్తుతూ లోపల ఒకసారి బ్యాట్ నేలకి తగిలించాక అదే ఊపులో బ్యాట్ పైకి లేచినా అవుట్ కాదు.

‘గ్రౌండెడ్’ అని చివర మారితే నాలుగు దారులు. విమానాలు గ్రౌండెడ్ అంటే ఎగరకుండా నేలమీదే ఆపేశారని. 2015 వరదల్లో రన్‌వే మునిగి చెన్నై ఎయిర్‌పోర్ట్ మూసినప్పుడు ఈ మాట టీవీలో మోగిపోయింది. ఓడ గ్రౌండ్ అయిందంటే అడుగు భాగం ఇసుకలో దిగబడిందని. 2012 అక్టోబరు చివర్లో నీలం తుపానుకి ప్రతిభా కావేరి అనే ట్యాంకర్ బీసెంట్ నగర్ బీచ్ దగ్గరికి కొట్టుకొచ్చి అలాగే ఇరుక్కుంది. పడవలో బయటపడదామని దిగినవాళ్ళలో కొందరు చనిపోయారు. అమెరికాలో ఉన్న మనవరాలు ‘ఐ యామ్ గ్రౌండెడ్’ అంటే మాత్రం కంగారు పడకండి, అల్లరి చేసినందుకు బయటికి వెళ్ళొద్దన్నారని. మనిషిని పట్టుకుని ‘హి ఈజ్ వెరీ గ్రౌండెడ్’ అంటే పొగడ్త, ఎంత పైకొచ్చినా నేల మీదే నడిచే మనిషి అని.

మిగిలినవి గబగబా. గ్రౌండ్ రూల్స్ అంటే ముందుగా అందరూ ఒప్పుకున్న నియమాలు. గ్రౌండ్ రియాలిటీ అంటే క్షేత్రస్థాయిలో ఉన్న పరిస్థితి. గ్రౌండ్ వర్క్ అంటే ముందస్తు పని. కామన్ గ్రౌండ్ అంటే ఇద్దరికీ ఒప్పుదల ఉన్న విషయం. స్టాండ్ యువర్ గ్రౌండ్ అంటే మాట మీద నిలబడు, వెనక్కి తగ్గకు. బ్రేక్ గ్రౌండ్ అంటే పని మొదలుపెట్టడం, మన భూమిపూజ లాంటిది.

అభ్యాసానికి ఒక పని చెబుతాను. వారం రోజులు ఈ మాట ఎక్కడ వినపడినా, కనపడినా, ఆ వాక్యం మొత్తం ఫోన్లో రాసుకోండి, పక్కన తెలుగులో ఒక్క మాట రాయండి. కొలత, ఎర్త్, కారణం, ఆవరణ, పొడి, పిప్పి, మైదానం, ఇలా. ‘నేల’ అని రాయాలనిపిస్తే ఇంకోసారి చదవండి. మా క్లాసులో వారం చివర్లో చూస్తే నేల అని మిగిలేవి చాలా తక్కువ. అర్థం కానివి ఉంటే ఎదుటి మనిషినే అడిగేయండి. బ్రోకరుని ‘ఎత్తన స్క్వేర్ ఫీట్’ అని, ఎలక్ట్రీషియన్‌ని ‘ఎర్త్ ఇరుక్కా’ (ఎర్త్ ఉందా) అని, ఓనరుని ‘బోర్ తన్నియా, మెట్రో తన్నియా’ (బోరు నీళ్ళా, మెట్రో నీళ్ళా) అని. బాబాయికి ఈ మూడూ కాగితం మీద తెలుగులో రాసిచ్చాను, వచ్చే ఆదివారం మళ్ళీ స్థలాలు చూడ్డానికి వస్తున్నాడు.